తడి ఆరేదాకా

తారు పూయించింది దొర. దాన్ని తీయాల్సింది ఆగమ్మ.

నిజాం మీదికి వచ్చిన యూనియన్ మిలిటరీ లారీలు రామాయంపేట మీదుగా మెదక్ వైపు వస్తున్నాయని తెలిసిన పూట, మదన్ మోహన్ దొరకు ముందుగా గుర్తొచ్చింది కొట్టంలో ఉన్న నల్ల మోటారు. దాని రెండు తలుపుల మీదా పసుపు రంగులో నిజాం దస్తారు బొమ్మ ఉంది. మొనదేలిన తలపాగా, దాని మీద తురాయి. హైదరాబాదు నుంచి మనిషిని పిలిపించి, దగ్గర కూర్చుని మరీ వేయించుకున్నాడు. ఆ బొమ్మను చూసి ఠాణాలో అమీను లేచి నిలబడేవాడు. తనిఖీ నాకాల దగ్గర రజాకార్లు సలాము కొట్టేవారు. అదే బొమ్మను మిలిటరీవాళ్ళు చూస్తే ఏమవుతుందో దొరకు తెలియదు. బంగళా కప్పుకు వేయడానికి తెచ్చిన తారు ఉంటే, రెండు తలుపులకూ దట్టంగా పూయించి, మోటారును కొట్టంలో వరిగడ్డి వెనక దాయించాడు.

అంత భయపడాల్సిన పనే లేకపోయింది. మిలిటరీవాళ్ళు దొరకు కుర్చీ వేశారు, చాయ తెప్పించారు. షేర్వానీ పెట్టె అడుగుకు పోయింది, ఖద్దరు టోపీ నెత్తి మీదికొచ్చింది. ఆ టోపీ కుట్టిన బజారు దర్జీ ముసలాయన మాత్రం, చీమకైనా కీడు చేయనివాడు, తన ముసల్మాను పేరు వింటే ఎవరు మీద పడతారోనని దుకాణం మూసుకుని లోపలే కూర్చున్నాడు. ఆ రోజుల్లో మెదక్‌లో న్యాయం అంత చక్కగా ఉంది.

ఇప్పుడు మోటారు బయటికి రావాలి. పెద్ద మిలిటరీ సాబు మెదక్ వస్తున్నాడు. ఆయన దొర మోటారులో కూర్చుని ఖిల్లా నుంచి చర్చి దాకా ఊరేగుతాడట. దొర ఆ మాట నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. తీరా గడ్డి తీసి చూస్తే తారు రాయిలా గట్టిపడి ఉంది. ఊరి నౌకరు సుంకరి బక్కయ్య కొడవలి మొనతో గీకబోతే నల్ల రంగు మీద తెల్లటి గీత పడింది. దొర అతని చెంప పగలగొట్టి, మరకల పని తెలిసినవాళ్ళను తెమ్మన్నాడు.

చాకలి ఆగమ్మను ఎక్కడికో వెళ్ళి పిలవాల్సిన అవసరం రాలేదు. ఆమె రోజూ బంగళా గేటు దగ్గరే ఉంటోంది. మొగుడు గాలయ్యను వాగు రేవులో బట్టలు ఉతుకుతుండగా మిలిటరీవాళ్ళు పట్టుకుపోయి ఠాణాలో పెట్టారు. ఎందుకు పట్టుకుపోయారో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. దొర ఒక్క మాట చెప్తే వదిలేస్తారని ఊరంతా చెప్పింది.

దొర వరండా మెట్ల మీద నిలబడి అడిగాడు. "ఏందే ఆగీ, గీ తారు తీస్తవా?"

"మరకలు తీసుడు గాక మాకేమొస్తది దొరా."

"తారు పోవాలె. దాని కింద బొమ్మ పోవాలె. రంగు నిగనిగ మాత్రం పోవద్దు. గోటి గీత పడ్డా ఊకోను."

ఆగమ్మ మోటారును చూడలేదు. చేతులు జోడించి, "మా ఇంటాయన ఠాణల ఉన్నడు దొరా," అంది. "బట్టలుతుకుతుంటే పట్కపోయిండ్రు. మీ బాంచెన్, ఒక్క మాట చెప్పుండ్రి."

"నా పని నువ్వు చెయ్యి, నీ పని నేను చేస్త. కెప్టెను సాబు నా మాట తీసెయ్యడు."

గాలయ్య ఏమీ చేయలేదని కాదు. వెట్టి చేయొద్దని సంఘం చెప్పిన కాలంలో, ఇదే మెట్ల ముందు, "ఇగ వెట్టికి ఉతకం దొరా, కూలిస్తే ఉతుకుతం," అన్నాడు. అన్నది అంతే. తుపాకీ పట్టలేదు, అడవికి పోలేదు. ఆ ఒక్క మాటా దొర గుండెలో ముల్లులా ఉండిపోయిందని ఆగమ్మకు తెలుసు. అయినా మాటిచ్చాడు కదా అనుకుంది. ఇంట్లో మనిషి లేనప్పుడు ఎవరి మాటనైనా నమ్మబుద్ధేస్తుంది.

మోటారును యోసేపు బయటికి తోయించి వేపచెట్టు పక్కన ఎండలో నిలిపాడు. యోసేపు దొర డ్రైవరు, చర్చి దగ్గరి గూడెం మనిషి. ఆగమ్మను అక్కా అని పిలుస్తాడు. "గాసునూనె వోసి రుద్దుదమా అక్కా?" అని కిరసనాయిలు డబ్బా పట్టుకొచ్చాడు.

"ఉండు తమ్మీ. మరకను ముందుగాల మెత్తబడనియ్యాలె. గట్టిగున్నప్పుడు గుంజితే బట్ట చిరుగుతది, మరక పోదు."

ఆమె పాత చీర పేలికలను నువ్వుల నూనెలో ముంచి, తడి పట్టీలు వేసినట్టు ఎడమ తలుపు మీద తారంతటా అంటించింది. వాటి మీద గోనె తడిపి కప్పింది. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే. దొర కిటికీలోంచి చూసి, "కూసున్నవేందే?" అని అరిచాడు. నూనె పని చేస్తోందని అంటే ఎగతాళి అనుకుంటాడని, ఆమె లేచి ఊరికే తలుపు చుట్టూ తిరిగింది.

పొద్దు నడినెత్తికి వచ్చాక పేలిక ఒక కొస ఎత్తి చూసింది. తారు గోధుమరంగు జిగురై పేలికతో పాటు లేచింది. ఆమె రుద్దలేదు. పేలికను మడిచి, తారును ఎత్తుకుంటూ, మురికైన మడత లోపలికి తిప్పి, కొత్త మడతతో మళ్ళీ ఎత్తింది. ఒకసారి తుడిచిన చోట అదే మడతను తిరిగి తగలనివ్వలేదు. తారులో ఇసుక రేణువులు ఉంటాయి, అవి తిరిగి రంగు మీద జరిగితే గీతలు పడతాయి. పేలికలు కుప్పపడ్డాయి. మిగిలిన నూనె మీద తవుడు చల్లి, అది పీల్చుకున్నాక చేత్తో దులిపింది. ఆఖరున కుంకుడు నురుగుతో కడిగింది.

తారు పోయిన చోట పసుపు దస్తారు నిన్నగాక మొన్న వేసినట్టు మెరుస్తూ బయటపడింది. యోసేపు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తారు దీన్ని దాసిపెట్టిందే అక్కా. దొరకున్నంత మిలిటరీ భయం దీనికి లేనట్టున్నది."

ఆగమ్మకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. బొమ్మను నల్ల రంగు మీద వేశారు కాబట్టి, పైపొర మాత్రమే మెత్తబడేలా గాసునూనెను పేలికకు అద్ది అద్ది పెట్టింది. బొటనవేలి గోరుకు బట్ట చుట్టి, బియ్యంలో రాయి ఏరినంత నెమ్మదిగా అంచులు ఎత్తింది. సాయంత్రానికి తురాయి పోయింది, తలపాగా పోయింది. తలుపంతా నీళ్ళతో కడిగితే నల్లగా నిగనిగలాడింది. యోసేపు చప్పట్లు కొట్టబోయాడు.

"ఆగు, ఆరనియ్యి," అంది ఆగమ్మ.

తడి మీద మరకను నమ్మకూడదని చాకలింట పుట్టిన ఆడపిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. తడిసిన బట్ట మీద అన్నీ ఒకే రంగులో ఉంటాయి. దండెం మీద ఆరుతున్నప్పుడే ఏది పోయిందో ఏది ఉందో తేలుతుంది. తలుపు మీద తడి పైనుంచి కిందికి ఆరుతూ వచ్చింది. ఆరిన కొద్దీ చుట్టూ రంగు బూడిదరంగుకు తిరిగింది, ఎన్నో ఎండలు తాగిన రంగు అది. నడుమన మాత్రం మొనదేలిన తలపాగా, దాని మీద తురాయి, కాటుక పెట్టినట్టు నల్లగా నిలబడ్డాయి. బొమ్మ కింద ఉన్నంత మేరా ఎండ తగలలేదు. పాత రవికకు వేసిన మాసిక విప్పితే కింద కొత్త బట్ట కనపడినట్టు, అక్కడ మొదటినాటి నలుపు అట్లాగే ఉండిపోయింది.

"వార్నీ," అన్నాడు యోసేపు. "బొమ్మ వోయినా టోపీ వోలేదు."

మర్నాడు పొద్దున్నే ఆగమ్మ సుద్దగడ్డ తెచ్చింది. నూరి, చీర కొంగులో జల్లెడ పట్టి, వేళ్ళకు తగలనంత మెత్తటి పొడి చేసింది. నూనెతో కలిపి, టోపీ ఆకారం చుట్టూ ఉన్న బూడిదరంగు మీద ఒకే వాలులో రుద్దడం మొదలుపెట్టింది. గట్టిగా రుద్దితే రంగు అరిగిపోతుంది, మెల్లగా రుద్దితే ఎండ కొట్టిన పొర కదలదు. రుద్దడం, తుడవడం, ఆరనివ్వడం, చూడడం. మళ్ళీ రుద్దడం. భుజం నుంచి వేళ్ళ దాకా నరాలు లాగాయి. గాలయ్య ఠాణాలో తిన్నాడో లేదో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చేయి వేగం పెరిగేది. ఆమె దాన్ని అదుపులో పెట్టుకునేది. పొద్దు వాలేసరికి ఎడమ తలుపు తడి ఆరినా టోపీ లేదు. తలుపంతా ఒక్క నలుపు. బక్కయ్య కొడవలి గీత కూడా సన్నబడింది. పుట్టినప్పటి నుంచీ ఎన్నో మరకలు తీసింది గానీ, ఇంత బాగా ఏదీ తీయలేదనిపించింది ఆమెకు.

"రేపు కుడి తలుపు గూడ గిట్లనే చేస్త," అంది చేతులు దులుపుకుంటూ. "దొర మాట నిలవెట్టుకుంటె మీ బావ ఎల్లుండి ఇంట్లుంటడు. ఎంతైనా పెద్దమనిషి, జర దయ ఉన్నది తమ్మీ."

యోసేపు నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. మొహం కడుక్కున్నాడు. మెడలో సిలువను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా?" అంది ఆగమ్మ.

"అక్కా, గా మాట అనకు. నాకు ఇనబుద్ధైతలేదు."

"ఏ మాట?"

"దయ అన్న మాట." అతను నేల చూస్తూ చెప్పాడు. "మిలిటరోళ్ళ డేరల కాడికి దొరను కచ్చురం బండిల తోల్కపోయింది నేనే. పక్కనే నిలవడ్డ. కెప్టెను సాబు అడగక ముందే దొర చెప్పిండు, మా చాకలి గాలయ్య కమ్యూనిస్టు, రేవుల దొరుకుతడు అని. నేను ఇన్న. నిన్ను రోజు గేటు కాడ సూసి గూడ చెప్పలేకపోయిన."

ఆగమ్మకు నిరుడు ఉతికిన మూటలు గుర్తొచ్చాయి. బంగళాలో చుట్టాల్లా ఉండిపోయిన రజాకార్ల ఖాకీ అంగీలు, వాటి ముంజేతుల మీద నెత్తురు. నెత్తుటి మరకకు వేడినీళ్ళు పనికిరావు, చన్నీళ్ళలోనే నానబెట్టాలి. ఎవరి నెత్తురో తెలియకుండా, తెలిసినా తెలియనట్టు, చలిలో వాగులో నిలబడి వాటిని తీసి మడతలు పెట్టి ఇచ్చింది. ఇప్పుడు అదే బంగళా నుంచి ఖద్దరు మూట వస్తోంది. మూట మారింది గానీ ఉతికే చేతులు అవే. మొగుణ్ణి కటకటాల వెనకకు తోసినవాడి చుట్టూ తిరిగి, మీ బాంచెన్ అని, వాడి పాపాన్ని గోటితో ఏరి తీస్తోంది తను!

నీళ్ళ తొట్టి గట్టు మీద చౌడు గంప ఉంది. బట్టలు ఉడకబెట్టే చౌడు మన్ను, రంగును ఇట్టే తినేస్తుంది. రెండు దోసిళ్ళు నీళ్ళలో కలిపి మోటారు మీద కుమ్మరిస్తే తెల్లారేసరికి నల్ల రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. ఆమె గంప దగ్గరికి వెళ్ళింది. దోసిట్లోకి తీసుకుంది కూడా. దొర ఒళ్ళు మండుతుంది, నిజమే. ఆ మంటకు కాలేది మాత్రం ఠాణాలో ఉన్న మనిషి. చౌడును మళ్ళీ గంపలో పోసి చేతులు కడుక్కుంది.

మూడోనాడు కుడి తలుపు మీద తారు తీసింది. పసుపు బొమ్మ తీసింది. ఎక్కడా గీత పడనివ్వలేదు. సుద్దపొడి మూటను మాత్రం విప్పలేదు. తలుపు మీద నూనె రాసి అరచేత్తో మెరుగు పెట్టింది. బూడిదరంగు నూనె తాగి నల్లబడింది. టోపీ అందులో మునిగిపోయింది.

సాయంత్రం దొర వచ్చి ఎడమ తలుపు చూశాడు, కుడి తలుపు చూశాడు. తన ఖద్దరు టోపీ తలుపులో కనబడేసరికి సర్దుకున్నాడు. "శభాష్! అద్దం లెక్క ఉన్నది," అన్నాడు.

ఆరినంక చూడుండ్రి దొరా అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. ఎవరి బట్ట ఇచ్చినా ఆమె అనే మాట అది. ఆగమ్మ పెదవులు బిగించుకుంది. తన బట్ట ఎట్లా ఉతుకుతారో, ఎట్లా ఆరుతుందో జన్మలో చూడని మనిషి, తడి తలుపును చూసుకుని మురిసిపోతూ లోపలికి వెళ్ళాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం మిలిటరీ డేరాల దగ్గరికి ప్రయాణం. పెద్ద సాబు మర్నాడు వస్తాడు కాబట్టి ముందుగా కెప్టెనుకు మోటారును చూపించాలని దొర ఆరాటం. మోటారు ముందు మూడు రంగుల జెండా కట్టించాడు. దుమ్ము పడితే తుడవడానికి ఆగమ్మను వెంట నడిచి రమ్మన్నాడు. ఖిల్లా గుట్ట కింది మైదానం అంత దూరమేమీ కాదు. ఆమె కుంకుడు నీళ్ళ చెంబు, గుడ్డలు పట్టుకుని మోటారు లేపిన దుమ్ములోనే నడిచింది.

డేరాల ముందు మోటారు ఆగేసరికి, నూనె తాగిన కుడి తలుపు మీద దుమ్ము మందంగా పట్టేసింది. అది చూసి దొర మండిపడ్డాడు. "సూస్తవేందే? కడుగు, జల్ది కడుగు, సాబు వస్తుండు!"

"కడగాల్నా దొరా?"

"కడగమంటె సమజైతలేదా?"

ఆగమ్మ కడిగింది. కుంకుడు నురుగుకు దుమ్ము పోయింది, దుమ్ముతో పాటు నూనె పోయింది. తలుపు తళతళలాడింది. ఆమె గుడ్డ పిండుకుని పక్కకు జరిగి నిలబడింది. వర్షాల మధ్య కాసే ఎండ కావడం వల్ల చురుక్కుమంటోంది.

కెప్టెను నెల్లూరు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడతాడు. దొర అతని చేయి పట్టుకుని ఊపుతూ, తన తాత కాలం నుంచీ కాంగ్రెస్ అంటే తమ ఇంట్లో ఎంత ప్రేమో చెప్తున్నాడు. చూడవచ్చిన బజారు జనం చుట్టూ మూగారు. తలుపు మీద తడి పైనుంచి ఆరుతోంది. ముందు తురాయి మొన తేలింది. తర్వాత తలపాగా మడతలు. జనంలో ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. దొర మాత్రం మోటారుకు వీపు పెట్టి మాట్లాడుతూనే ఉన్నాడు.

కెప్టెను బెత్తంతో తలుపు వైపు చూపించాడు. "ఇదేమిటండీ?"

దొర తిరిగి చూశాడు.

"అది... మరక సాబ్. నీళ్ళ మరక."

"నీళ్ళ మరక ఇంత అందంగా తలపాగా చుట్టుకుంటుందా?" కెప్టెను నవ్వలేదు. "రేపు మా పెద్దాయన దీంట్లో ఊరేగాలి. జనం నవ్వేది మిమ్మల్ని చూసి కాదు, మమ్మల్ని చూసి. పొద్దున్నకి ఇది పోవాలి. లేకపోతే ఎల్దుర్తి దొర కారు తెప్పిస్తాను, ఆయన నిన్నటి నుంచీ అడుగుతున్నాడు."

ఎల్దుర్తి పేరు వినేసరికి దొర మొహం మాడిపోయింది. ఆగమ్మ మీదికి వచ్చాడు. చెయ్యెత్తబోయి, కెప్టెను చూస్తున్నాడని దించాడు. "ఏం జేసినవే? ఇది పోతదా పోదా?"

"పోతది దొరా. పోయే తొవ్వ నాకెరుక."

"చెప్పు మరి!"

"మీరు నాకు మాటిచ్చిండ్రు. మా ఇంటాయన వచ్చి నా పక్కకు నిలవడంగనే చెప్త." ఆమె అడుగు వెనక్కు వేయలేదు. చుట్టూ ఇంతమంది ఉండగా అడగకపోతే ఇక ఎప్పుడూ అడగలేనని ఆమెకు తెలుసు.

కెప్టెను ఇటు తిరిగాడు. "ఎవరమ్మా మీ ఆయన? ఎక్కడున్నాడు?"

"ఠాణల ఉన్నడు సాబు. చాకలాయన. రేవుల బట్టలు ఉతుకుతుంటే మీ సిపాయిలు పట్కపోయిండ్రు."

"పేరు?"

ఆగమ్మ తల దించుకుంది. పెళ్ళైన నాటి నుంచీ ఆ పేరు ఆమె నోటి వెంట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పింది. కటకటాల్లో ఉన్న మనిషికి ఉన్న ఆయుష్షు ఎంతో ఏమో, అందులో ఒక్క పూట కూడా తన నోటితో తగ్గించదలుచుకోలేదు.

"మొగని పేరు నేనెట్ల తీస్త సాబు," అంది. "దొర చెప్తడు. దొరకు బాగ ఎరుకనే."

కెప్టెను దొరను చూశాడు. జనం దొరను చూశారు. యోసేపు స్టీరింగు పట్టుకుని ముందుకు వంగాడు. దొర ఖద్దరు టోపీ తీసి, నెత్తి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. చెప్పకుండా తప్పించుకునే దారి లేదు.

"గాలయ్య," అన్నాడు.

"గాలయ్యా?" కెప్టెను కనుబొమ్మలు ముడిపడ్డాయి. "మొన్న మీరు చెప్పిన కమ్యూనిస్టు గాలయ్యేనా?"

"ఆ... లేదు సాబ్. గా గాలయ్య వేరే. గీ గాలయ్య మా చాకలి. మంచోడు. నా ఇంటి మనిషే. ఏదో పొరపాటైంది."

"మీరు పొరపాటున చెప్తే మేము పట్టుకొచ్చి లోపలేశాం. అంతేనా?"

"అంతే సాబ్," అన్నాడు దొర. ఒక మనిషిని ఒళ్ళు వాచేలా కొట్టించిన మాటకు ఆయన పెట్టిన పేరు పొరపాటు.

కెప్టెను ధర్మరాజేమీ కాదు. తనను వెర్రివాణ్ణి చేశారని అతని కోపం. ఆ కోపమే ఆ రోజు ఆగమ్మకు అక్కరకొచ్చింది. గాలయ్యను విడిపించి తెమ్మని జవానును ఠాణాకు పంపాడు.

గాలయ్య వచ్చాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు, కింది పెదవి వాచి ఉంది. ఇంత జనాన్ని చూసి బెదిరి, ఆగమ్మను చూసి ఆగాడు. తారు పట్టిన ఆమె గోళ్ళను చూశాడు. ఆమె వెళ్ళి అతని రెక్క పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది.

"వచ్చిండు గద. చెప్పు ఇగ," అన్నాడు దొర పళ్ళు బిగించి.

"ఎండల పెట్టుండ్రి దొరా."

"ఏంది?"

"గీ తలుపును ఎండకు తిప్పి, నలుగురు నడిచే తొవ్వ పొంటి పెట్టుండ్రి. మూత వెయ్యొద్దు, దాసిపెట్టొద్దు. ఎండకు చుట్టు ఎట్ల తెల్లవడ్డదో, నడుమ గూడ గట్లనే తెల్లవడ్తది. రెండెండకాలాలు చాలు, దానంతటదే పోతది."

"రేపటికి ఎట్లనే?"

"రేపటికంటె నాతోని గాదు దొరా."

జనంలో ఈసారి నవ్వు ఆగలేదు. కెప్టెను మీసం దువ్వుకుని, ఎల్దుర్తి ఆయనకు కబురు పంపమని జవానుకు చెప్పి డేరాలోకి వెళ్ళిపోయాడు. దొరను ఎవరూ ఏమీ అనలేదు, అంటారని ఎవరూ అనుకోలేదు. కుర్చీ ఆయనకు రేపు కూడా వేస్తారు. కాకపోతే గాలయ్య కమ్యూనిస్టు అని మాత్రం ఆ కెప్టెను ముందు ఆయన మళ్ళీ అనలేడు.

ఆలుమగలు రామాయంపేట తొవ్వ పట్టారు. అక్కడ ఆగమ్మ పుట్టినిల్లు ఉంది. ఊరు దాటాక గాలయ్య ఒక రాయి మీద కూర్చుని కాలు చాపుకున్నాడు.

"ఎడమ తలుపు మీద గూడ బొమ్మ ఉండెగదనే. అదెట్ల వోయింది?"

"సుద్ద వెట్టి రుద్దిన. పొద్దుందాక."

"మరి కుడి తలుపు?"

ఆగమ్మ చెంబులో మిగిలిన నీళ్ళతో కొంగు తడిపి, అతని పెదవి మీద ఎండిన నెత్తురు తుడిచింది. చన్నీళ్ళే, మెల్లగా, ఒకే వాలులో.

"చేతులు గుంజినయి," అంది.